కోస్గి దాకా వచ్చిన సముద్రం

ఓడల మీద వాడిన పాత పనిముట్ల కోసం నేను ఇంతవరకూ రేవు ఊళ్లే తిరిగాను. కాకినాడ, మచిలీపట్నం, చెన్నై, కొచ్చి. ఎక్కడ పాత ఓడ విరగ్గొట్టారని తెలిసినా, ఎక్కడ ముసలి సరంగు ఇల్లు ఖాళీ చేస్తున్నారని విన్నా సంచి భుజాన వేసుకుని బయలుదేరేదాన్ని. అలాంటిది డిసెంబరులో నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వెళ్లొస్తానంటే మావారు చదువుతున్న పేపరు పక్కన పెట్టి నా వంక చూశారు. అక్కడ ఓడలెక్కడివని ఆయన సందేహం. నిజానికి నా సందేహమూ అదే.

విశాఖపట్నంలో రేవు గేటుకి ఎదురు సందులో మా నాన్నగారికి ఓడల దిక్సూచులు బాగుచేసే దుకాణం ఉండేది. ఆయన తర్వాత నేను నడిపాను. ఇప్పుడు ఓడలన్నీ ఉపగ్రహాలను అడిగి దారి తెలుసుకుంటున్నాయి. దుకాణంలో పని తగ్గింది, అరల్లో పాత సామాను పెరిగింది. పనికిరావని పారేసిన వాటిని ఏరుకొచ్చి, తుడిచి, మళ్లీ పనిచేసేలా చేసి పెట్టుకోవడం నాకు వ్యసనమైపోయింది.

ఈ ప్రయాణానికి కారణం సువార్త అనే నర్సు. ఇత్తడి ముక్క అరగదీస్తూ వేలు కోసుకుని ఆసుపత్రికి వెళ్తే ఆ అమ్మాయి కట్టు కట్టింది. ఏం చేస్తుంటే తెగిందని అడిగింది. చెప్పాను. కట్టు సగంలో ఆపి, తమ ఇంట్లోనూ ఓడ సామాను ఒకటుందని, తాత బొంబాయి నుంచి తెచ్చాడని, అవ్వ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదని చెప్పింది. వాళ్లది కోస్గి. అవ్వ చర్చికి వెళ్లినప్పుడు దొంగచాటుగా తీసిన ఫోటో ఒకటి ఫోన్లో చూపించింది. మసక వెలుతురు. చెక్కపెట్టెలో వంపు తిరిగిన ఇత్తడి చట్రం, ఒక చిన్న అద్దం అంచు. సెక్స్టంట్‌లా ఉంది. సూర్యుడో చుక్కో ఆకాశంలో ఎంత ఎత్తున ఉందో కొలిచే పరికరం అది. ఆ ఎత్తును బట్టి నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగడతారు.

"అవ్వ మిమ్ముల ఒకటి అడుగుతది మేడం," అంది సువార్త. "తెల్వకపోతే తెల్వదనే చెప్పండ్రి. ఉత్తుత్తిగ చెప్పకండ్రి."

ఆలేరు

కాజీపేటలో పెద్ద రైలు దిగి చిన్న రైలెక్కి ఆలేరులో దిగాను. ఆ చుట్టుపక్కల ఇత్తడి రేకు మీద బొమ్మలు దిద్దే పనివాళ్లున్నారు. వాళ్లకు పాత ఇత్తడి అమ్మే జహంగీర్ గారి పేరు మా దుకాణానికి వచ్చే ఒక వ్యాపారి చెప్పాడు. దారిలోనే కదా, కుప్పలో ఏమైనా దొరక్కపోతుందా అని ఆగాను.

స్టేషన్ వెనక రేకుల షెడ్డు. లోపల బిందెలు, చెంబులు, కుళాయి తలలు, సొట్టపడ్డ గంటలు ఒకదాని మీద ఒకటి. జహంగీర్ గారికి అరవై దాటి ఉంటాయి. నేను కుప్ప కెలుకుతుంటే అభ్యంతరం చెప్పలేదు. ఏం వెతుకుతున్నానో విన్నాక లోపలి గదిలోకి వెళ్లి గుడ్డలో చుట్టిన వస్తువు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పడవ దిక్సూచి గిన్నె అది. లోపల సూది లేదు, అంకెల బిళ్ల లేదు. గిన్నె చుట్టూ ఒకదాంట్లో ఒకటి అమర్చిన రెండు ఇత్తడి వలయాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఓడ ఎటు ఒరిగినా లోపలి గిన్నె సమంగా ఉండటానికి చేసే ఏర్పాటది. హైదరాబాదులో పాత సామాను వేలంలో వచ్చిందట. జహంగీర్ గారు పక్క హోటల్ నుంచి వచ్చిన చాయ్ గ్లాసును ఆ గిన్నెలో నిలబెట్టి, బయటి వలయం పట్టుకుని ఇటూ అటూ ఊపాడు. వలయాలు మెలికలు తిరిగాయి. చాయ్ మాత్రం కదల్లేదు.

ఇది నాకు తెలిసిన సంగతే. నా చేతుల మీదుగా ఇలాంటి వలయాలు ఎన్నో వెళ్లాయి. తెలియనిది ఆయన తర్వాత చెప్పాడు. వాళ్లమ్మకు చివరి రోజుల్లో చేతులు వణికే జబ్బు వచ్చింది. ఇంకొకరు తాగించడం ఆమెకు నామోషీ. అప్పుడు ఈ గిన్నె ఆమె చేతికిచ్చారట.

"అమ్మీ చేతులు గింతగింత వణుకుతుండె. దీంట్ల గ్లాస్ పెడితే కొబ్బరిబొండం గొట్టంతోని తనకు తానే తాగేది. ఒక్క చుక్క కింద పడలె. అందుకే కరగబెట్టలె, మేడం."

ఎంతకిస్తారని నేను అడగలేదు. ఆయనా అడగనివ్వలేదు. చాయ్ పది రూపాయలు ఇవ్వబోతే, దూరం నుంచి వచ్చారు, రహనే దో, ఉండనివ్వండి అన్నాడు. ఎవరో సముద్రపు అలల కోసం కనిపెట్టిన ఉపాయం ఆలేరులో ఒక తల్లి చేతుల్ని ఆదుకుంది. నలభై ఏళ్ల నుంచి ఈ వలయాల మరలు బిగిస్తున్నాను, ఆ ఆలోచనే నాకు ఎన్నడూ రాలేదు.

నల్లగొండ

మా ఊళ్లో దారి అడిగితే సముద్రం వైపు అంటారు, కొండ వైపు అంటారు. నల్లగొండలో గుట్టలతో చెబుతారు. దర్గా ఉన్న గుట్ట దిక్కు పో, అవతలి గుట్ట కిందికి పో. రెండు నల్లటి గుట్టలు ఊరికి అటూ ఇటూ నిలబడి ఉంటాయి. మా రేవులోకి వచ్చే ఓడలు డాల్ఫిన్ నోస్ కొండను చూసి దారి సరిచూసుకున్నట్టే ఇక్కడ ఆటోవాళ్లు గుట్టను చూసి మలుపు తిరుగుతారు. రెండు గంటల్లో నాకూ అలవాటైంది.

మధ్యాహ్నం మెస్‌లో భోజనం. అన్నంతో పాటు పచ్చిపులుసు పోశారు. చింతపండు నీళ్లలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కాస్త నువ్వులపొడి. పొయ్యి ముఖం చూడని పులుసు. మేము చారు కాచుకోకుండా ముద్ద ఎత్తం. మొదట అనుమానంగా తాగి, మూడోసారి నేనే గిన్నె చాపాను.

అంగడిలో తిరుగుతుంటే తెలిసిన వాసన పట్టుకుంది. ఎండుచేపల కొట్టు. ఒకామె గోనెసంచి మీద ఎండు రొయ్యలు, ఎండు నెత్తళ్లు కుప్పలు పోసి కూర్చుంది. గుప్పెడు రొయ్యలు చేతిలోకి తీసుకుంటే మా చేపలరేవులో నిలబడినట్టే ఉంది. ఎక్కడివని అడిగాను. సముద్రం కాడివి అంది. నేనూ అక్కణ్నుంచే వచ్చానని చెప్పేసరికి తూకం ఆపి నా మొహం చూసింది. ఇరవై ఏళ్లుగా సముద్రాన్ని అమ్ముతోంది గాని చూడలేదట. ఎట్లుంటదని అడిగింది.

ఎంత దూరం చూసినా నీళ్లేనని చెప్పాను. అవతలి ఒడ్డు కనపడదా అంది. కనపడదన్నాను. ఆమె తూకం రాయి పక్కన పెట్టింది.

"ఒడ్డు కానరాకపోతే ఏ దిక్కు పోవాల్నో ఎట్ల ఎర్కయితది?"

సూర్యుణ్ణి చూసి తెలుసుకుంటారని చెప్పాను. నమ్మిందో లేదో, రొయ్యలు మాత్రం కొసరు వేసింది. మా నాన్న దుకాణమూ, నా జీవితమూ ఆ ఒక్క ప్రశ్న మీదే నిలబడ్డాయని ఆమెకు చెప్పాలనిపించింది. అప్పటికే వేరే బేరం వచ్చింది.

కొత్తకోట

దేవరకొండ మీదుగా వెళ్లే దారి పొడుగునా బండరాళ్లు. ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చి మరిచిపోయినట్టుంటాయి. రెండుచోట్ల గొర్రెల మందలు రోడ్డు దాటుతుంటే బస్సు ఆగింది. డ్రైవరు హారన్ కొట్టలేదు, ఇంజను ఆపి బీడీ వెలిగించుకున్నాడు. మంద ముందు నడిచే కాపరి భుజాన నల్లని గొంగడి. మధ్యాహ్నపు ఎండలో అదెందుకని నేననుకుంటే, పక్క సీటు ఆవిడ ఎండకూ చలికీ వానకూ అదేనని చెప్పింది.

బస్సుల్లో అక్కడి ఆడవాళ్లకు టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నాది ఆంధ్రా కార్డు కాబట్టి నేను మాత్రం డబ్బులిచ్చాను. మా దగ్గర అప్పటికింకా ఆ వెసులుబాటు రాలేదు. బస్సులో డబ్బులిచ్చి కూర్చున్న ఒకే ఒక ఆడదాన్ని నేనని తెలిసి వెనకవాళ్లు చాలాసేపు నవ్వుకున్నారు. ఒకామె ఓదార్పుగా రేగుపళ్లు ఇచ్చింది.

కొత్తకోట హైదరాబాదు, బెంగళూరు రోడ్డు మీది ఊరు. రాత్రి బసకు ముందు రోడ్డు పక్క హోటల్లో తినడానికి వెళ్లాను. గల్లాపెట్టె వెనక గోడకు, అద్దాల పెట్టెలో, మెరిసిపోతూ ఒక సెక్స్టంట్. నేను గల్లాపెట్టె దగ్గరే ఆగిపోయాను. యజమాని నా చూపు గమనించి, అది వందేళ్ల కింద మునిగిన ఇంగ్లీషు ఓడలోదని ఉత్సాహంగా చెప్పాడు. చేతికివ్వమని బతిమాలాను.

చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. బరువు తక్కువ. కొలబద్ద మీద జరగాల్సిన ఇత్తడి చెయ్యి అరంగుళం కదిలి ఆగిపోతోంది. అద్దం మామూలు ముఖం చూసుకునే అద్దం. కొలబద్ద మీద గీతలు పది తర్వాత ఇరుగ్గా, ఇరవై తర్వాత ఎడంగా ఉన్నాయి. అలంకారానికి చేసి అమ్మే సరుకు. ఇలాంటివి బొంబాయిలో ఎప్పటి నుంచో అమ్ముతున్నారు. అబద్ధమాడలేక మెల్లిగా చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించి, ఆ మూల టేబుల్ వాళ్లు వెళ్లేదాకా ఈ మాట అనొద్దన్నాడు. తర్వాత దాన్ని గుడ్డతో తుడిచి మళ్లీ గోడకు తగిలించి, "అయినా మంచిగనే కనబడ్తాంది గద మేడం," అన్నాడు. కాదనలేకపోయాను.

రొట్టె మాత్రం నాకు సహించలేదు. సువార్త చూపించిన ఫోటో గుర్తొస్తోంది. బొంబాయి నుంచి తెచ్చింది. మసక వెలుతురు. వంపు తిరిగిన చట్రం, అద్దం అంచు. అంతకు మించి నేనేం చూశాను? అదీ ఇలాంటిదే అయితే ఇన్నేళ్లు దాన్ని దాచుకున్న మనిషికి ఏమని చెప్పాలి? వెనక్కి వెళ్లిపోదామా అని కూడా అనుకున్నాను.

కోస్గి

కోస్గి దగ్గర పడుతుంటే బస్సు కింద ఏదో చిటపటలాడింది. కోసిన కందికట్టెను రైతులు రోడ్డు మీద పరిచారు. బండ్లు తొక్కుకుంటూ పోతే గింజ రాలుతుంది. రోడ్డంతా పచ్చి కంది వాసన. మేము వరి నూర్చే కళ్లాలు చూశాం గాని ఊరి రోడ్డే కళ్లంగా మారడం నాకు కొత్త.

సువార్త నాన్న యోహాను గారు బస్టాండుకు వచ్చారు. మండల ఆఫీసులో ఉద్యోగం, రెండెకరాల కంది చేను. క్రిస్మస్ దగ్గర్లో ఉంది కాబట్టి ఇంటి మీద వెదురుకర్రకు కాగితం చుక్క కట్టారు. వాకిట్లో మంచం మీద సువార్త అవ్వ రాహేలమ్మ గారు కూర్చుని ఉంది. ఎనభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, నిటారుగా ఉంది. మోచేతి దాకా పచ్చబొట్లు. మందపాటి కళ్లద్దాల్లోంచి నన్ను కాసేపు పరీక్షగా చూసింది.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? అంత దూరంకెల్లి?" అంది. అవునంటే, ముందు తిను, తర్వాత మాట్లాడుదామంది.

జొన్నరొట్టె, పుంటికూర పప్పు. పుంటికూర అంటే మా గోంగూరే. రొట్టె చెయ్యడం నేర్పమని రాహేలమ్మ గారి కోడల్ని, అంటే సువార్త తల్లిని, అడిగి నేనూ ప్రయత్నించాను. నా చేతిలో అది మూడు ముక్కలైంది. వంటింట్లో నవ్వులు. మూడు ముక్కలూ నాకే పెట్టారు.

తిన్నాక రాహేలమ్మ గారు పెట్టె తెప్పించి ఒళ్లో పెట్టుకుంది. తెరవలేదు. ముందు కథ చెప్పింది.

కరువు ఏళ్లలో ఆమె భర్త ఏసోబు, పక్కింటి మల్లయ్య కలిసి పనికోసం బొంబాయి పోయారు. మల్లయ్య మట్టిపనిలో చేరాడు. ఏసోబుకు పాత ఓడల్ని విరగ్గొట్టే చోట పని దొరికింది. అక్కడి కావలి ముసలాయన ఒకప్పుడు ఓడల మీద తిరిగినవాడు. ఒక సాయంత్రం ఆయన ఏసోబును ఒడ్డుకు తీసుకెళ్లి, విరిచిన ఓడలోంచి తీసిన ఈ సామాను కంటికి పెట్టి చూపించాడట. ఆకాశంలో ఉన్న సూర్యుడు కిందికి జారి వచ్చి సముద్రం అంచు మీద కూర్చున్నాడట. ఏసోబు అది మరిచిపోలేకపోయాడు. ఊరికి వచ్చేటప్పుడు అందరూ రేడియోలు, చీరలు, గిన్నెలు తెచ్చుకుంటే అతను ఆ సామానునే అడిగి తెచ్చుకున్నాడు.

దీంతో సూర్యుణ్ణి కిందికి దించి చూపిస్తానని ఊరివాళ్లను గుట్ట మీదికి పిలిచాడు. చాలామంది వెళ్లారు. కంటికి పెట్టుకుని ఎంతసేపు తిప్పినా అతను అనుకున్నట్టు జరగలేదు. జనం నవ్వుకుంటూ గుట్ట దిగారు. ఆనాటి నుంచి అతని పేరు సూర్యుని ఏసోబు అయిపోయింది. పెళ్లిళ్లలో, చావుల దగ్గర, కూలి దగ్గర అదే పిలుపు. అతను కోపం తెచ్చుకునేవాడు కాదు, ఏదో మెలకువ మరిచిపోయానంతే అనేవాడు. పోయేదాకా అదే మాట.

"నాకు గుడ నమ్మకం లేకుండె బిడ్డా," అంది రాహేలమ్మ గారు. "ఉన్నట్టు ఉంటి, గంతే. ఇగ ఇప్పుడు నిన్ను అడుగుతున్న. మా ఆయన చెప్పింది నిజమా, అబద్ధమా? సామాను సంగతి ఆనక."

పెట్టె తెరిచింది. నేను చేతులు కొంగుకు తుడుచుకుని బయటికి తీశాను.

బరువుగా ఉంది. కొలబద్ద మీద వెండి పట్టీ, దాని మీద వెంట్రుకంత గీతలు, ఒక్కటీ వంకర లేదు. కదిలే చెయ్యి మకిలి పట్టి బిగుసుకుపోయింది. అద్దాల వెనక పూత మచ్చలు మచ్చలుగా పోయింది. ఎండ నుంచి కంటిని కాపాడే రంగు గాజు పలకలు లేవు. చిన్న దుర్బిణి బాగుంది. తయారుచేసిన మనిషి ఎవరో గాని నూరేళ్లు దాటినా అతని చేతి నెమ్మది ఆ గీతల్లో కనిపిస్తోంది. నా అరల్లో ఉన్నవాటిలో ఇంత మంచిది లేదు.

ఆయన చెప్పింది నిజమేనని చెప్పాను. ఎందుకు చూపించలేకపోయాడో కూడా నాకు అప్పుడే అర్థమైంది. ఈ పరికరానికి సమంగా ఉండే ఒక అంచు కావాలి. బొంబాయిలో అది సముద్రం ఇచ్చింది. గుట్ట మీద ఎటు చూసినా బండలు, చెట్లు, ఇంకో గుట్ట. సూర్యుడు జారి వచ్చినా ఆనడానికి చోటు లేదు. ఆయన తప్పు లేదు, ఇక్కడ సముద్రం లేదు, అంతే.

ఆమె తల ఊపింది. కాని తృప్తి పడలేదు.

"నోటితోని చెప్తే సరిపోదు బిడ్డా. నాకు చూపెట్టు."

ముసురు

మర్నాడు ఆకాశం కనపడలేదు. బంగాళాఖాతంలో వాయుగుండమట. మా ఊరి మబ్బులు నన్ను వెతుక్కుంటూ కోస్గి దాకా వచ్చాయి. నేను రోజంతా పరికరంతో కూర్చున్నాను. కిరసనాయిలుతో మకిలి కడిగి, కొబ్బరినూనె పట్టించి, బిగుసుకున్న చేతిని గోరంత గోరంత కదిలించాను. వెల్డింగ్ కొట్టుకు వెళ్లి ముదురు ఆకుపచ్చ గాజు రెండు ముక్కలు కోయించాను. ఎందుకో చెబితే అతను మిగతా పని ఆపేసి అంచులు నున్నగా అరగదీసి ఇచ్చాడు.

సాయంత్రం మల్లయ్య గారు వచ్చారు. ఏసోబుతో బొంబాయి వెళ్లిన మనిషి, కురుమ పెద్ద, గొర్రెల మంద ఉంది. ఆనాడు గుట్ట మీద ముందు వరసలో నిలబడి చూసింది, దిగుతూ అందరికంటే గట్టిగా నవ్విందీ ఆయనేనట. రాహేలమ్మ గారే చెప్పింది, ఆయన ఎదుటే. ఆయన కాదనలేదు. మబ్బు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "ఆయన దించలె, నువ్వు దించలె. ఇద్దరు సమానమే," అని గొంగడి సర్దుకుని వెళ్లిపోయారు. రాహేలమ్మ గారు పెట్టె మూత వేసింది.

నాకు మర్నాడు తిరుగు రైలుంది. యోహాను గారితో టికెట్ రద్దు చేయించాను.

పళ్లెం

తెల్లారేసరికి ఆకాశం కడిగినట్టుంది. మా దుకాణం పెరట్లో సెక్స్టంట్‌లను పరీక్షించడానికి నాన్న ఒక పద్ధతి నేర్పారు. వెడల్పాటి పళ్లెంలో చిక్కటి నూనె పోస్తే అది కదలకుండా, ఏ సముద్రం కంటే కూడా సమంగా నిలబడుతుంది. అందులో సూర్యుడి నీడ పడుతుంది. పరికరంతో పై సూర్యుణ్ణి కిందికి తెచ్చి ఆ నీడతో కలపాలి. యోహాను గారు ట్రాక్టర్ మెకానిక్ దగ్గర నల్లటి కాలిన ఆయిల్ తెచ్చారు. కోడలు స్టీలు పళ్లెం ఇచ్చి, ఇక అది వంటకు పనికిరాదని నిట్టూర్చింది. గాలి తగలకుండా చుట్టూ ఇటుకలు పేర్చాను. దూరంగా ఉన్న సెల్‌టవర్ కొనను గురిచూసి అద్దాలు సరిచేసుకున్నాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక రాహేలమ్మ గారిని పీట మీద దక్షిణం వైపు తిప్పి కూర్చోబెట్టాను. వాకిట్లో పదిహేను ఇరవై మంది చేరారు. మల్లయ్య గారు గోడ పక్కన నిలబడ్డారు. ముందు నా కన్ను పెట్టాను. గాజులోంచి నూనెలో ఆకుపచ్చటి సూర్యుడు, చిన్న బిళ్లలా. పరికరం చెయ్యిని మెల్లిగా జరిపితే పూత పోయిన అద్దం అంచులోంచి రెండో సూర్యుడు తడబడుతూ దిగి వచ్చాడు. నా చేతులు ఎన్నోసార్లు చేసిన పనే. రెండూ దగ్గర పడ్డాక పరికరాన్ని అలాగే ఆమె చేతికిచ్చి, ఆమె వేళ్ల మీద నా వేళ్లు ఉంచాను.

మొదట చీకటే ఉందంది. తల కాస్త వంచమన్నాను.

"ఒకటున్నది." కాసేపాగి, "రెండున్నయి."

ఆమె వేలితోనే మర తిప్పించాను. గాలి రాలేదు. ఆ సమయంలో సూర్యుడు పైకెక్కడం ఆపి, దిగడం మొదలుపెట్టే ముందు కాసేపు నిలబడతాడు. ఓడల మీద అందరూ ఎదురుచూసే క్షణం అదే. రెండు బిళ్లలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి కదలకుండా ఉండి ఉంటాయి. నాకు కనపడదు కదా, ఆమె ముఖం చూసి తెలుసుకున్నాను. నోరు కొద్దిగా తెరుచుకుంది. పరికరాన్ని నాకు తిరిగి ఇవ్వలేదు. చాలాసేపు అలాగే ఉండి, కన్ను తీయకుండానే పిలిచింది.

"మల్లయ్యా, రా. చూడు."

ఆయన వచ్చి నేల మీద మోకాళ్లూని, తలకు చుట్టిన రుమాలు తీసి పక్కన పెట్టి చూశారు. అప్పటికి సూర్యుడు కాస్త జరిగాడు. నేను మళ్లీ కలిపి ఇచ్చాను. చూస్తూ చూస్తూ ఆయన భుజాలు కుంగిపోయాయి. పళ్లెంలోకే చూస్తూ, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు, "ఏసోబా," అన్నారు. "నేను నవ్విన గదరా."

ఎవరూ ఆయన వంక చూడలేదు. రాహేలమ్మ గారు చెయ్యి చాపి ఆయన రుమాలు దుమ్ము దులిపి ఇచ్చింది.

తర్వాత వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరూ చూశారు. నేను కొలబద్ద మీద అంకె చదివి, నూనెలోని నీడతో కలిపితే ఎత్తు రెట్టింపు వస్తుంది కాబట్టి సగం చేసి, కాగితం మీద లెక్కగట్టాను. భూమి నడుమ గీత నుంచి పదిహేడు డిగ్రీలకు వెంట్రుకవాసి తక్కువ ఉత్తరాన ఉన్నామని వచ్చింది. యోహాను గారి ఫోనూ దాదాపు అదే చెప్పింది. నూరేళ్ల ఇత్తడి, మచ్చల అద్దం, ట్రాక్టర్ ఆయిలు కలిసి ఆ ఇల్లు భూమి మీద ఎక్కడుందో చెప్పేశాయి.

ఏం రాసుకున్నావని రాహేలమ్మ గారు అడిగింది. చెప్పాను. ఒక్కో ఊరిలో మధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు ఒక్కోలా ఉంటుందని, బొంబాయి ఇక్కడికంటే రెండు డిగ్రీలు పైనుంది కాబట్టి ఈ రోజుల్లో అక్కడ సూర్యుడు ఆ మేరకు కిందికి కనిపిస్తాడని, దక్షిణానికి వస్తూ వస్తూ సూర్యుడు రెండు డిగ్రీలు పైకెక్కాడంటే కోస్గికి సమానంగా వచ్చినట్టేనని.

ఆమె పెట్టె మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"అంటే బొంబాయిల నిలబడి, ఇల్లు ఎంత దూరం ఉందో దీంట్ల చూడొచ్చన్నట్టు."

చూడొచ్చన్నాను.

"ఆయనకు ఆ ముసలాయన గిది గుడ చెప్పి ఉంటడు," అంది. "నాకు చెప్పనీకి సిగ్గుపడ్డడు."

బస్టాండు

ఆ పరికరం నాకు కావాలని వెళ్లాను. ఆ మాట నా నోట రాలేదు. మర్నాడు పొద్దున సంచి సర్దుకుంటుంటే రాహేలమ్మ గారే పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అమ్మడానికి కాదు. అద్దాలకు పూత పోయింది కదా, వేయించి తెమ్మంది. రంగు గాజు పలకలు కూడా సరైనవి పెట్టించమంది. పిల్లలు చూడాలి, వెల్డింగ్ గాజుతో ఎన్నాళ్లు చూస్తారని అడిగింది. ఆయన పోయిన తర్వాత ఆ పెట్టె గడప దాటడం అదే మొదటిసారని కోడలు నా చెవిలో చెప్పింది. చీటీ అడగలేదు, ఫోన్ నంబరు అడగలేదు. ఎప్పుడు తెస్తావని మాత్రం అడిగింది. ఎండలు ముదరకముందే అన్నాను. ఎండాకాలం సూర్యుడు మరీ నెత్తి మీదికి వస్తే ఈ పద్ధతిలో అందడని చెబితే, అయితే జల్ది రా అంది.

బస్టాండుకు ఆమె కూడా వచ్చింది. మల్లయ్య గారు పెట్టె తన గొంగడిలో చుట్టి, నన్ను ముట్టుకోనివ్వకుండా తానే మోశారు. బస్సు నిండా జనం. ఆయన నాకంటే ముందు ఎక్కి, కండక్టరుతో మాట్లాడి, కిటికీ పక్క సీట్లో పెట్టెను కూర్చోబెట్టి, దాని పక్కన నన్ను కూర్చోమన్నారు. పెట్టెకు సీటెందుకు, కింద పెట్టమని కండక్టరు విసుక్కున్నాడు.

మల్లయ్య గారు దిగబోతూ మెట్టు మీద ఆగి వెనక్కి తిరిగారు.

"కింద పెట్టకు బిడ్డా. మా దోస్తుది," అన్నారు. "దాంట్ల సూర్యుడున్నడు."